సగానికి కొంచెం కింద

పంజగుట్ట సిగ్నల్ కాడ
నూట నలభై నుంచి అంకెలు ఎర్రగ దిగుతుంటె
నా పాలియో ముక్కులకెళ్లి ఆవిరి.
వెనక ఆటో హారన్.
బానెట్ ఎత్తితె తియ్యటి వాసన,
పాకం అడుగంటినట్టు.

ఇరవై రెండేండ్ల బండి.
పసుప్పచ్చ రంగు, పదహారు వందల సీసీ.
ఔటర్ మీద మూడో గేర్ల తొక్కితె
ఇప్పటికీ వీపును సీటుకు అదిమి పడ్తది.
ఉరికినప్పుడు దీనికి ఏనాడూ జ్వరం రాలే.
నిలవడ్డప్పుడే.

పుత్లీబౌలి గల్లీల ఖుద్దూస్ భాయ్
రేడియేటర్ ఊడదీసి
ముసలాయన కట్టుడు పండ్ల లెక్క బల్ల మీద పెట్టిండు.
పై ట్యాంకు ప్లాస్టిక్ మీద గోటిగీతంత పగులు.
"గీ గీతకు ఇంత లొల్లా?" అన్న.
"బాంబుకు గూడ గంతే వత్తి, మేడమ్" అన్నడు.

ఇగ బేరాలు.
రేసు బండ్లది, మొత్తం అల్యూమినియం, మూడు వరుసలు,
కొత్త బిందె లెక్క మెరుస్తున్నది. ముప్పై ఆరు వేలు.
నా జీతంల రెండు వేలు మాత్రం నాకు వాపస్ ఇస్తది.
"తీస్కో అక్కా, బతుకుల ఒక్కసారి" అని
ఫోన్ల మా నిఖిలేశ్, పైసలు వానివి గావు గద.
డబ్బాల వచ్చే చైనా సరుకు తొమ్మిదిన్నర,
వారంటీ దుకాణం మెట్లు దిగేదాక.
బొటనవేలు ఆనిస్తె రెక్కలు కాగితం లెక్క వొంగినయ్.
ఆటోనగర్ తుక్కుల పీకింది నాలుగు వేలు,
ఏ బండిదో, ఎట్ల ఆగిందో అడగద్దు.
ఖుద్దూస్ భాయ్ దాన్ని తిప్పి తట్టిండు.
బల్ల మీద తెల్లటి పొడి రాలింది.
"సున్నం. బోరు నీళ్లు తాగి పెరిగింది."

ఆ తెల్లపొడి నాకు కొత్త గాదు.
నాది డయాలసిస్ వార్డుల కొలువు.
నాలుగేసి గంటలు ఒక్కో మనిషి నెత్తురు
బయటికొచ్చి, కడుక్కొని, లోపటికి పోయేదాక
కాపలా ఉంట.
ఫిల్టర్లు గూడ కడిగి, మీద పేరు రాసి,
ఎన్నోసారో అంకె రాసి, మళ్ల వాడుతం.
"ఏడోసారి బిడ్డా, ఇది పనిచేస్తదా?" అని
యాదగిరమ్మ ప్రతిసారీ అడుగుతది.
కొత్తదానికన్న దీని గుణమే నాకు ఎక్కువ తెలుసమ్మా అంట.

"అల్యూమినియంది మందం ఎక్కువ" అన్నడు ఖుద్దూస్ భాయ్,
"దాన్ని ఇరికిస్తె ఫ్యానుకు జాగ ఉండది.
ఉరికేటప్పుడు మీ బండికి గాలే సాలు.
పైసలు ఉరుకుడు మీద పెట్టకుండ్రి,
ఆగుడు మీద పెట్టుండ్రి."

నేను ఇరవై రెండేండ్ల బండి కొన్నది
ఆగుడు కోసమా?
కోపమొచ్చింది. చాయ్ తాగిన. పోయింది.

పాత కొలతలకే కొత్త రాగి కోరు, ఇత్తడి ట్యాంకులు,
ఫ్యానుకు కొత్త రిలే.
అన్నీ కలిపి ఎనిమిది వేల రెండు వందలు.
రెండు వందలు తగ్గించుమంటె
నెత్తి మీద టోపీ సర్దుకొని
విననట్టే ఉన్నడు.

మూడోనాడు డ్యూటీ దిగి పోయిన.
గొట్టాలకు బిరడలు కొట్టి, గాలి నింపి,
సిమెంటు తొట్టిల ముంచి "చూడుండ్రి" అన్నడు.
చూసిన.
నల్లటి నీళ్లు. అండ్ల నా మొకం, పైన బల్బు.
ఒక్క బుడగ లేదు.
ఏమీ జరగకపోవుడు ఎంత ముద్దుగుంటదో
మా వార్డుల తెల్లారగట్ల తెలుస్తది,
మళ్ల గా తొట్టి కాడ తెలిసింది.

జేబుల వార్డు మార్కర్ ఉంటె
ఇత్తడి మీద తారీఖు రాసిన,
పక్కకు ఒకటి అంకె.
ఖుద్దూస్ భాయ్ నవ్విండు గని ఎందుకని అడగలే.

మళ్ల పంజగుట్ట. మళ్ల నూట నలభై.
ముల్లు సగం దాక లేసింది, గీత ముట్టింది.
నా చెయ్యి తాళం మీద.
గప్పుడు ముందట ఎక్కడ్నో ఫ్యాను గుర్రుమన్నది.
ముల్లు మెల్లగ సగానికి కొంచెం కిందికి దిగింది.

డిక్కీలకెళ్లి నీళ్ల బాటిల్ మాత్రం
ఇంక తియ్యలే.